తాతగారి మాత్ర పేరేమిటి?

పిల్లలూ! మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటున్నారా? దాని పేరు చెప్పగలరా? “అదే, బి.పి. బిళ్ళ” అంటే చాలదు. ఎందుకో చూద్దాం.

కాట్రేనికోనలో ఒక తాతగారికి ఉన్నట్టుండి కడుపునొప్పి, వాంతులు పట్టుకున్నాయనుకోండి. సముద్రం పక్క ఊరు కదా, “ఎండుచేపల కూర పడలేదు” అంటారు ఇంట్లోవాళ్ళు. అమలాపురం తీసుకువెళ్ళి స్కాన్ తీయిస్తే పేగు గోడ వాచి ఉంది. కారణం కూర కాకపోవచ్చు, మాత్ర కావచ్చు!

ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మందులు మన ఒంట్లో ఏ.సి.ఇ. అనే ఎంజైమును అడ్డుకుంటాయి. ఆ ఎంజైముకు రెండు పనులు. రక్తనాళాలను బిగించే రసాయనాన్ని తయారుచేయడం ఒకటి, బ్రాడికైనిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టడం రెండోది. మొదటి పని ఆగితే రక్తపోటు తగ్గుతుంది. కాని రెండో పనీ ఆగుతుంది. అలా బ్రాడికైనిన్ పేరుకుని, బహు కొద్దిమందిలో, కాలువ గట్టు ఊట పెట్టినట్టు సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరుతుంది. పెదవుల్లో ఊరితే పెదవులు, పేగు గోడలో ఊరితే పేగు వాస్తాయి.

బ్రాడికైనిన్‌ను విరగనివ్వని పదార్థం బ్రెజిల్ పాము విషంలో ఉందని 1965లో ఫెరీరా అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. ఆ దారినే తర్వాత కాప్టోప్రిల్ మాత్ర పుట్టింది. అంటే మేలూ కీడూ ఒకే వేరు నుంచి వచ్చాయన్నమాట.

పేగు వాపు చాలా అరుదు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రావచ్చు, ఏళ్ళ తర్వాతా రావచ్చు. అందుకే మాత్ర మీద అనుమానం రాదు. కారణం తెలియక కడుపు కోసి చూసిన సందర్భాలూ ఉన్నాయి. మందు ఆపితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో వాపు తీస్తుంది.

అలాగని మాత్రలు పారేయకండి! అవి ఎందరినో పక్షవాతం నుంచి, గుండెపోటు నుంచి కాపాడుతున్నాయి. మానాలో మార్చాలో డాక్టరే చెప్పాలి. పెదవులు, నాలుక వాస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

“డాక్టరుకు తెలియదా?” అంటారేమో. మందు రాసిన డాక్టరు ఒక ఊళ్ళో, నొప్పి చూసే డాక్టరు మరో ఊళ్ళో ఉంటే ఎలా తెలుస్తుంది? అందుకే ప్రతి ఇంట్లో మందుల చీటీ ఉండాలంటాను. దాన్ని రాయవలసింది మీరే. పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసి కేలండరు పక్కన తగిలించండి. దుష్ఫలితం అనుమానం వస్తే డాక్టరుకు చెప్పండి. 2010లో మొదలైన భారత ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో ఎవరైనా ఉచితంగా తెలియజేయవచ్చు. అరుదైన సంగతి పదిమందికీ తెలిసేది అలాగే.

మరి, ఈ ఆదివారమే చీటీ రాస్తారు కదూ?