ఉప్పగె పులుసు వేరు, మాత్ర వేరు



ఇటీవల మా బంధువుల ఇంట ఒక సీసా చూచితిని. దానిపై పచ్చని ఆకు బొమ్మ, సన్నని నడుముగల యొక స్త్రీ చిత్రము, 'గార్సీనియా కాంబోజియా' అను పేరు. ఒళ్ళు తగ్గుటకై ఆ యింటి కోడలు మూడు వారములుగా ఆ మాత్రలు మ్రింగుచున్నదట. డాక్టరునకు చెప్పితివా యని యడిగితిని. "ఇది మందు కాదు మామయ్యగారూ, మన ఉప్పగే కదా!" అన్నది.

తరతరాలుగా మలెనాడులో నున్న మాబోటి తెలుగువారికి ఉప్పగె క్రొత్త గాదు. అది పడమటి కనుమల చెట్టు. వానకాలములో కాయలు కోసి, తొక్కలు ఎండబెట్టి, పులుపునకు వాడుదురు. కేరళవారు దానినే కొడంపులి యని చేపల కూరలో వేయుదురు. ఉత్తర కన్నడ జిల్లాలో దాని గింజలనుండి నెయ్యివంటి కొవ్వు తీసి వంటకు వాడుటయు గలదు. కొవ్వు నిచ్చు చెట్టు కొవ్వును కరిగించు చెట్టయినది!

ఈ కీర్తికి మూలము తొక్కలోని హైడ్రాక్సీ సిట్రిక్ ఆమ్లము. తిన్న పిండిపదార్థమును శరీరము కొవ్వుగా మార్చుటకు వలసిన యొక ఎంజైమును అది అడ్డగించునని ఎలుకలపై పరీక్షలలో తేలినది. మనుష్యులలో నేమైనది? 1998లో అమెరికా వైద్యసంఘ పత్రికలో నొక పరిశోధన వెలువడినది. 135 మందిని రెండు జట్లు చేసి, ఇరువురికిని మితాహారమే పెట్టి, ఒక జట్టునకు దినమునకు 1500 మిల్లీగ్రాముల ఈ ఆమ్లమును, రెండవదానికి సత్తువలేని ఉత్తుత్తి మాత్రలను 12 వారములు ఇచ్చిరి. అసలు మాత్ర తిన్నవారు సగటున 3.2 కిలోలు తగ్గగా, ఉత్తుత్తి మాత్ర తిన్నవారు 4.1 కిలోలు తగ్గిరి. ఆ తేడా లెక్కింపదగినది కాదని పరిశోధకులే వ్రాసిరి. తగ్గించినది మితాహారమే గాని మాత్ర గాదని నా యభిప్రాయము.

డబ్బు పోయినదని ఊరుకొందమన్న అంతటితో పోదు. ఈ మాత్రలు వాడిన కొందరికి కాలేయము వాచి కామెర్లు వచ్చినట్లు వైద్యపత్రికలలో నమోదైనది. కాలేయమార్పిడి వరకు పోయినవారును గలరు. గార్సీనియా గల మాత్రలు వాడవద్దని 2025లో ఫ్రాన్సు ఆహారభద్రతా సంస్థ హెచ్చరించినది. పులుసులో వేయు రెండు తొక్కలు వేరు, వాటి సారమును పిండి నెలల తరబడి రోజూ మ్రింగుట వేరు. మధుమేహము మొదలగువానికి మందులు వాడువారు మరింత జాగరూకులై యుండవలెను.

స్థూలకాయమును పోగొట్టుదుమని ఔషధములకు ప్రకటనలు చేయుటను 1954 నాటి చట్టమే నిషేధించినది. మరి ఈ సీసా లెట్లు వచ్చుచున్నవి? ఆహారమను పేరున! 2016 నాటి నిబంధనల ప్రకారము 'ఔషధముగా వాడుటకు గాదు' అని సీసాపై వ్రాయవలెను. నేను చూచిన సీసాపై నున్నది కూడ, భూతద్దము పెట్టి చదువవలసినంత చిన్న అక్షరములలో, అదియు ఇంగ్లీషున. నడుము బొమ్మ మాత్రము వీధి చివరనుండి చూచినను కనబడును.

ఆ నిషేధమును ఆహారమను పేరున అమ్ము ఈ మాత్రలకును వర్తింపజేయవలెననియు, కాలేయమునుగూర్చిన హెచ్చరికను ఆయా ప్రాంతముల భాషలలో, మాత్ర పేరున్నంత పెద్ద అక్షరములతో ముద్రింపించవలెననియు అధికారులను కోరుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శివమొగ్గ.