జోరీగకు గెట్టు తెల్వది

వానలు పడ్డయంటే కొట్టంల కాళ్ల చప్పుడు మొదలైతది. రాత్రంతా పసులు కాళ్లు నేలకు కొట్టుకుంటయి, పండవు, సక్కగ నెమరెయ్యవు. పొద్దుగాల నాగలి కట్టబోతే ఎద్దుకు సత్తువ ఉండదు. "ఈగలే కదా" అని మనం తీసేస్తం. పైనున్నోళ్లు "మీ కొట్టాలు శుభ్రంగ ఉండవు, అందుకే" అంటరు. ఈ రెండు మాటలూ తప్పే.

ముందు ఆ ఈగ సంగతి తెలుసుకుందం. ఇంట్ల వాలే ఈగ లెక్కనే ఉండి, పసుల కాళ్లను సూదిలెక్క కుట్టే ఈగ ఒకటి. దీంట్ల ఆడా మగా రెండూ నెత్తురు తాగుతయి. గడ్డి, పెండ, ఉచ్చ కలిసి కుళ్లిన చోట గుడ్లు పెడతది. వేడికి రెండు మూడు వారాలల్ల ఆ గుడ్డు ఈగై లేస్తది. పెద్ద జోరీగ వేరు. దాంట్ల ఆడదే కుడతది, కుంటల ఒడ్డున బురదల పిల్ల పెరుగుతది. ఈ రెండూ సర్రా రోగాన్ని ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మోస్తయి. సర్రా ఎద్దు ఒంట్ల సప్పుడు లేకుండ దాగుంటది, దున్నే కాలంల పని ఒత్తిడి పడ్డప్పుడు బయటపడతది. 2019ల ఒడిశాల మొదట కనిపించి, 2022ల రాజస్థాన్, గుజరాత్‌లను ఏడిపించిన లంపీ స్కిన్ రోగం కూడా ఎక్కువగ కుట్టే ఈగలు, దోమలతో పాకుతది.

ఒక్క ఎద్దు పోతే పోడు రైతుకు జత పోతది, అదును పోతది, ట్రాక్టరు కిరాయికి అప్పు మొదలైతది. ఈగ లెక్క అప్పు దాకా పోతదని మనం యాది పెట్టుకోవాలె.

మరి మందు కొడితే సరిపోదా? సరిపోదు. నేను కొట్టంల మందు కొట్టుకుంటే పక్కింటి పెంటకుప్ప మీది ఈగ సాయంత్రానికే వస్తది. ఈగకు గెట్టు తెల్వది. అదే మందు మళ్ల మళ్ల కొడితే తట్టుకున్న ఈగలే మిగిలి పిల్లలు పెడతయి. ఐవర్‌మెక్టిన్ లాంటి సూది మందు పెండలకు దిగి పెండ పురుగులను దెబ్బతీస్తది. ఆ పురుగుల విలువ ఆస్ట్రేలియాను అడగాలె. అక్కడి పురుగులు ఆవు పెండను ఎత్తలేక, ఈగలు పెరిగిపోతే, 1968 నుంచి బయటి దేశాల పెండ పురుగులను తెచ్చి వదిలిండ్రు. మనకు ఊర్లనే ఉన్నవాటిని మనమే చంపుకుంటమా? కొందరు పత్తికి కొట్టే మందునే పశువుకు పూస్తరు. అది తోలు నుంచి లోపలికి పోతది, పశువు నాకితే ఇంకా ప్రమాదం. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

చెయ్యాల్సింది ఊరంతా కలిసి చెయ్యాలె. వారానికి ఒక రోజు పెట్టుకొని అన్ని కొట్టాల పెండ, గాడి కింద కుళ్లిన గడ్డి ఎత్తి బొందల వేసి మట్టి కప్పాలె. లోపల పుట్టిన వేడికే ఈగ పిల్లలు చస్తయి, ఎరువూ అయితది. రెండు మూడు వారాల చక్రం వారంలనే తెగుతది. కొట్టంల ఉచ్చ నిలవకుండ కాలువ తీయాలె. నాటుకోళ్లను పెంట మీద కెలకనియ్యాలె. ఎండ ముదిరినప్పుడు జోరీగ జోరు ఎక్కువ, పొద్దుగాల, సాయంత్రం మేపితే మంచిది. వేపాకు పొగ మన పెద్దల పద్ధతే, కొంత సేపు పనిచేస్తది గానీ పెంటకుప్పను అట్లనే ఉంచి పొగ మీద ఆశ పెట్టుకోవద్దు.

అయితే ఇదంతా మన మీదనే ఏసి ఊరుకుంటే న్యాయం కాదు. మహాముత్తారం, పలిమెల, కొత్తగూడ, గంగారం దిక్కు పసులు అడవిల మేసినప్పుడు పెండ చెల్లాచెదురుగ పడి ఎండుతది, పురుగులు మట్టిల కలుపుతయి. అడవికి పోనియ్యకపోతే పసులన్నీ ఇంటికాడనే కట్టేసుడైతది, పెండ కుప్పైతది, ఈగల పుట్ట అక్కడనే. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) మేత హక్కును సామూహిక హక్కుగ గుర్తించింది. గ్రామసభలు దాన్ని అడగాలె. పాలకుర్తి, దేవరుప్పుల తండాలకు అడవి లేదు, అక్కడ పెండ బొందలకు జాగ, ఉపాధి హామీ పని కావాలె. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య బండి రోడ్డు దగ్గర ఆగకుండ గూడెం దాకా రావాలె, సర్రాకు నెత్తురు పరీక్ష అక్కడనే జరగాలె.

కొట్టం ఊడ్చే చీపురు మన చేతుల ఉంది. మేత హక్కు, డాక్టరు మాత్రం అడిగి సాధించుకోవాల్సినయి. రెండూ ఒక్కసారే మొదలుపెడదాం, వచ్చే వానల కన్నా ముందే.