టపాలో తిరిగే నవల

క్రితం ఏడాది జనవరిలో, గుమ్మం ముందు మంచు తవ్వి తవ్వి నడుము పట్టేసిన రోజున, మా ఇంటికో లావుపాటి కవరు వచ్చింది. లోపల రెండే వస్తువులు. ఒకటి డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ నవల. రెండోది పిల్లలు స్కూల్లో వాడే రూళ్ళ నోటుపుస్తకం. పంపింది ఫ్రెడరిక్టన్ మిత్రుడు. “మూడు వారాలే గడువు. చదివి, నోటుపుస్తకంలో రాసి, సెయింట్ జాన్స్ పిన్నిగారికి పంపాలి. ఫోన్లో కథ గురించి మాట్లాడకూడదు” అని చిన్న చీటీ కూడా పెట్టాడు.

ఈ టపా వ్యవహారం ఎలా మొదలైందో చెప్పాలి. మాలో ఒకాయన విండ్సర్‌లో ఉంటాడు. నది దాటితే డిట్రాయిట్. అక్కడ 1998 నుంచీ డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వాళ్ళు నెలనెలా కలుసుకుని ఓ తెలుగు పుస్తకం మీద చర్చించుకుంటున్నారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆయన ఆ సంగతి చెప్పినప్పుడల్లా మాకు కడుపుమంట! మా అట్లాంటిక్ తీరంలో నవలలు చదివే తెలుగువాళ్ళు ఊరికొకరు దొరికితే గొప్ప. హాలిఫాక్స్ నుంచి టొరొంటోకి రోడ్డు మీద సుమారు 1,800 కిలోమీటర్లు. నెలకోసారి కలిసి పకోడీలు తింటూ మాట్లాడుకోవడం అయ్యే పనేనా? అందుకని మనుషులు కదలకుండా పుస్తకాన్నే కదిలిద్దాం అనుకున్నాం. విండ్సర్, మిస్సిసాగా, ఒట్టావా, ఫ్రెడరిక్టన్, హాలిఫాక్స్, సెయింట్ జాన్స్. ఆరు ఇళ్ళు, ఒక పుస్తకం, ఒక నోటుపుస్తకం. పుస్తకం చివరి ఇల్లు చేరాక, నోటుపుస్తకం ఒక్కటీ మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుంది, ఒకరి మాటకి ఒకరు జవాబు రాసుకోవడానికి.

కంప్యూటర్ నెట్‌వర్కులు చదువుకున్నవాళ్ళకి పాతకాలపు టోకెన్ రింగ్ గుర్తొస్తుంది. టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. మా పద్ధతీ అంతే. అందులో ఉన్న ప్రమాదం కూడా అదే. ఒకడు టోకెన్ పట్టుకుని కూర్చున్నాడంటే అందరూ ఆగిపోతారు. ఆ ఒకడు ఎవరో ఈపాటికి మీరు ఊహించే ఉంటారు!

పుస్తకాన్ని చదివేవాడి దగ్గరికి పంపడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ఊరి రేవుకి రావడం, జనం వచ్చి పుస్తకాలు తీసుకోవడం. మా అమ్మ తరంలో వారపత్రికల సీరియల్ పేజీలు చింపి, కుట్టి, బైండు చేయించి వీధంతా తిప్పేవారు. కెనడాలో కూడా 1939 నుంచీ గ్రంథాలయాల పుస్తకాలకి టపాలో రాయితీ రేటు ఉంది. కాకపోతే అది గ్రంథాలయాలకే, మా ఆరిళ్ళకి కాదు. మేం పూర్తి చార్జీ కట్టుకుంటాం.

నవల గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. శ్రీదేవిగారు వృత్తిరీత్యా డాక్టరు. 1929లో పుట్టి 1961లోనే పోయారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. దాని ఆధారంగానే 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా తీశారు. కథ విశాఖపట్నంలో జరుగుతుంది. బాధ్యత లేని తండ్రిని పోషిస్తూ ఉద్యోగం చేసే ఇందిర, ఆ ఇంటి మేడగదిలో అద్దెకుండే వైద్యవిద్యార్థి ప్రకాశం, చదువుకుంటున్న కల్యాణి. ఇందిర ఎవరికీ లొంగదు, మంచిపిల్ల అనిపించుకోవాలన్న తాపత్రయం లేదు. ప్రకాశం మంచివాడే, కానీ ఏ విషయమూ తేల్చి చెప్పలేడు.

నోటుపుస్తకం తెరిస్తే అప్పటికే నాలుగిళ్ళ వాళ్ళు కొట్టుకుంటున్నారు. “ఇందిర స్వార్థపరురాలు” అని మిస్సిసాగా. “ఇల్లు గడుపుతున్నది ఆ అమ్మాయే కదా, స్వార్థం ఎవరిది?” అని కింద ఒట్టావా. నేను పేజీలు తిప్పుతూ నవ్వుకుంటుంటే మా పదిహేనేళ్ళ అమ్మాయి వచ్చి ఏమిటని అడిగింది. తను తెలుగు మాట్లాడుతుంది. చదవడం మాత్రం బాలవికాస్ క్లాసుల్లో గుణింతాల దాకా వచ్చి ఆగిపోయింది. చెప్పాను. “అయితే చదువు నాన్నా, ఎవరు కరెక్టో నేను చెప్తా” అంది.

అలా మొదలైంది. రాత్రి భోజనాలయ్యాక రోజుకి నాలుగైదు పేజీలు నేను చదవడం, తను వినడం. మధ్యలో ప్రశ్నలు. “పెళ్ళి చేసుకోడానికి మామయ్యని ఎందుకు అడగాలి?” “డాక్టర్ చదివేవాడికి అంత భయమేంటి?” ఒక్కో ప్రశ్నకి జవాబు చెప్పేసరికి ఆ రాత్రి గడిచిపోయేది. మూడు వారాలు కాస్తా పదకొండు వారాలయ్యాయి. ఫ్రెడరిక్టన్ నుంచి ఈ-మెయిల్, విండ్సర్ నుంచి ఫోన్. అందరికీ ఒకటే చెప్పాను: “ప్రాజెక్టు డెడ్‌లైను, ఊపిరాడట్లేదు, వచ్చే వారం పంపేస్తా.” ప్రాజెక్టు ఫిబ్రవరిలోనే అయిపోయింది. మా అమ్మాయితో అలా కూర్చుని చాలా ఏళ్ళయింది, ఆ పుస్తకం ఇంట్లోంచి వెళ్ళిపోవడం నాకిష్టం లేదు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడ్డాను.

ఏప్రిల్లో పంపాను. పది రోజుల్లో కవరు తిరిగి మా ఇంటికే వచ్చింది. వెనకాలే పిన్నిగారి ఫోను.

ఎనభై ఏళ్ళ మనిషి. పన్నెండేళ్ళప్పుడు ఈ నవలని సీరియల్‌గా చదివారు. నాన్నగారికి మధ్యలో బదిలీ అయి పత్రిక ఆగిపోవడంతో చివరి వారాలు తప్పిపోయాయి. తర్వాత సినిమా చూశాం కదా అనుకుని పుస్తకం జోలికి పోలేదట. ఆవిడకి రెటీనా జబ్బు. శీతాకాలం మొదట్లో భూతద్దంతో చదవగలిగేవారు. ఇప్పుడు అక్షరం మధ్యలో మచ్చ అడ్డం వస్తోంది.

“రెండు నెలల ముందు వచ్చుంటే ఎలాగో చదువుకునేదాన్ని నాయనా. పోనీలే, నీకు ఆఫీసు పని. మిగతావాళ్ళకి నోటుపుస్తకం పంపెయ్యి” అన్నారు.

కోపమన్నా పడితే బాగుండేది. ఫోను పెట్టేశాక మా అమ్మాయి అడిగింది, “ప్రాజెక్టని చెప్పావా?” అని. అవునన్నాను. “ప్రకాశంలా చేశావు నాన్నా” అంది. ఇరవయ్యేళ్ళప్పుడు ఈ నవల చదివి ప్రకాశాన్ని తెగ తిట్టుకున్నవాణ్ణి నేను!

ఆ రాత్రే ఆరిళ్ళకీ ఉన్నదున్నట్టు రాసేశాను. తర్వాత పిన్నిగారికి ఫోన్ చేసి, చదివి వినిపిస్తే వింటారా అని అడిగాను. ప్రతి ఆదివారం ఇక్కడ నాలుగు, వాళ్ళకి నాలుగున్నర. న్యూఫౌండ్‌లాండ్ గడియారం మాకంటే అరగంట ముందుంటుంది. నేను చదివేవాణ్ణి, స్పీకరుకి అటు పిన్నిగారు, ఇటు మా అమ్మాయి. చిత్రంగా ఇద్దరి ప్రశ్నలూ ఒకటే. కాకపోతే మా అమ్మాయి అడిగినవాటికి పిన్నిగారు జవాబు చెప్పేవారు. మేడగది అద్దె అంటే ఏమిటో, ఆ రోజుల్లో ఆడపిల్ల ఆఫీసుకెళ్తే వీధరుగుల మీద ఏమనుకునేవారో ఆవిడ చెప్తుంటే, నేను పదకొండు వారాలు వివరించింది ఏమీ కాదనిపించింది.

జూలైలో చివరి అధ్యాయం అయిపోయింది. పిన్నిగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, “మా అమ్మ ఇందిరని రోజూ తిట్టేది. అలాంటి పిల్లవి కాకు అని నాకు చెప్పేది. ఆ పేజీలు మాత్రం ఒక్కటీ పారెయ్యకుండా పెట్టెలో దాచుకుంది. ఎందుకో నాకు ఇప్పుడు తెలుస్తోంది.”

ఆ మాటలు నోటుపుస్తకంలో పిన్నిగారి పేజీలో ఎక్కించింది మా అమ్మాయి. ఆవిడ చెప్తుంటే తెలుగులోనే రాసింది. ఒత్తులు సగం తప్పు. “దిద్దకు నాయనా, అలాగే ఉంచు” అన్నారు పిన్నిగారు. ఉంచాను. నోటుపుస్తకం ఇప్పుడు రెండో చుట్టులో ఉంది. మిస్సిసాగా ఆయన ఇందిర మీద తన అభిప్రాయం మార్చుకోలేదట. కానీ పిన్నిగారి పేజీ వాళ్ళబ్బాయికి చదివి వినిపించానని రాశారు.

మీ ఊళ్ళోనూ నవలలు చదివేవాళ్ళు దూరదూరంగా ఉంటే ఇలా ఒకసారి చేసి చూడండి. ఆరిళ్ళు మించొద్దు. పుస్తకంలో రాతలొద్దు, నోటుపుస్తకం వేరే పెట్టండి. చదవలేని పెద్దవాళ్ళుంటే వాళ్ళని చివర్లో కాదు, మొట్టమొదట పెట్టండి. చదవడం రాని పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆలస్యమైతే అసలు కారణం చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మా రెండో పుస్తకం బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’. ఈసారి మొదటి ఇల్లు సెయింట్ జాన్స్. చదివేది నేను, రాసేది మా అమ్మాయి. ఆదివారం నాలుగు గంటలకి దయచేసి మా ఇంటికి ఫోన్ చెయ్యకండి, లైను ఖాళీ ఉండదు!