బాస్ ఫైట్‌కు మన హార్మోనియం పనికిరాదా?

పెద్ద తలుపు తెరుచుకుంటుంది. చీకటి హాలు. ఆ చివర విలన్. అప్పుడే ఆర్గన్ మోగుతుంది, మీ గుండె దడదడ మొదలవుతుంది. గేమ్స్ ఆడే ఎవరికైనా ఇది తెలిసిన సీనే.

ఈ కిటుకు పాతదే. 1983లో కొనామీ తెచ్చిన గైరస్ అనే ఆర్కేడ్ గేమ్‌లో అంతరిక్ష యుద్ధానికి వాడుకున్నది బాఖ్ పేరుమీద ఉన్న ఆర్గన్ రచననే. 1994లో ఫైనల్ ఫాంటసీ 6 చివరి పోరాటానికి నొబువో ఉఎమట్సు ఆర్గన్ ధ్వనినే ఎంచుకున్నారు. ఆ గేమ్ నడిచిన సూపర్ నింటెండోలో సౌండ్ కోసం ఉన్న మెమరీ 64 కిలోబైట్లే. మన ఫోన్‌లో ఒక మామూలు ఫొటో కూడా అందులో పట్టదు!

ఆర్గన్ అంత బలంగా ఎందుకు పనిచేస్తుంది? గొట్టాల్లోకి గాలి ఊదితే పుట్టే శబ్దం అది. మెట్టు వదిలేదాకా ఆగదు. రాతి చర్చిలో ప్రతిధ్వనిస్తూ నిలబడిపోతుంది. యూరప్ వాళ్లు దాన్ని తరతరాలుగా ప్రార్థనల్లో, అంత్యక్రియల్లో విన్నారు. గేమ్ వాడుకునేది ఆ జ్ఞాపకాన్నే.

మరి మనకు? ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు గండికోట నేపథ్యంగా ఒక చిన్న డెమో చేశాను. నెట్‌లో దొరికిన ఆర్గన్ ట్రాక్ తగిలించాను. జమ్మలమడుగు ఫ్రెండ్ ఆడి చూసి, 'ఏం బ్బా, కోటలోకి పోతాంటే చర్చిలోకి పోయినట్టుందే!' అన్నాడు. వాడన్నది నిజమే. నేను గండికోట బొమ్మ గీసి, శబ్దం మాత్రం వేరే ఊరిది పెట్టాను.

ఆర్గన్‌కు చుట్టం మన దగ్గరే ఉంది. హార్మోనియం కూడా గాలితో పలికేదే, పుట్టింది యూరప్‌లోనే. కానీ పద్య నాటకాలతో మనదైపోయింది. 1885లో 'కీచక వధ'తో సురభి నాటకాలు మొదలైంది మన కడప జిల్లాలోని సురభి గ్రామంలోనే. కీచకుడు వేదికెక్కితే భయపడిన ఊళ్లు మనవి. ఆ హార్మోనియం శ్రుతి కింద ఒక తప్పెట దెబ్బ వేసి వినండి, బాస్ ఫైట్‌కు ఇంకేం కావాలి?

ఆర్గన్ వద్దని నేననను. కథ అడిగితే వాడండి. అయితే ఒక జాగ్రత్త. బాఖ్ 1750లో చనిపోయారు, ఆయన స్వరాలు అందరివీ. కానీ నిన్నమొన్న ఎవరో వాయించిన రికార్డింగ్ మీది కాదు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్ల కాపీరైట్ ఉంది. లైసెన్స్ చూడకుండా వాడితే మీ గేమ్‌నే తీసేయాల్సి రావచ్చు.

ప్రొద్దుటూరు, పులివెందుల కాలేజీల్లో గేమ్ ప్రాజెక్టు చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కోడింగ్ ఒక్కటే నేర్చుకుని ఆగిపోవద్దు. గొడో ఉచితం. ఎఫ్‌మాడ్‌తో ఆటను బట్టి సంగీతం మారేలా చేయడం నేర్చుకోవచ్చు. గేమ్ ఆడియో ఉద్యోగానికి వెళ్తే సర్టిఫికెట్ కన్నా ముందు మీరు చేసిన పనే వింటారు.

ఈ ఆదివారం ఫోన్ తీసుకుని గండికోట ధాన్యాగారంలోకి వెళ్లండి. జనం లేనప్పుడు ఒక్క చప్పట్లు కొట్టి రికార్డు చేయండి. ఆ ప్రతిధ్వనిని కన్వల్యూషన్ రివర్బ్‌లో వేసి, దాని గుండా హార్మోనియం వినిపించండి. మీ గేమ్‌లో తలుపు తెరుచుకునేటప్పుడు ఆ శబ్దం పెట్టి చూడండి.