గాలిలో గోల తగ్గితేనే వేగం

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, హైదరాబాద్‌లో కరెంటు స్తంభాలకు వేలాడే కేబుళ్ల మీద కత్తెర పడింది. పడాల్సిందే. అయితే ఆ చిక్కుముళ్లలో ఇంటర్నెట్ ఫైబర్ కూడా ఉండటంతో కనెక్షన్లూ తెగాయి. నేలకింది కేబుల్ డక్టుల కంటే ముందే విల్లాలు లేచే మేడ్చల్, శామీర్‌పేట లాంటి శివార్లలో చిన్న ప్రొవైడర్‌కు ఉన్న మరో దారి డిష్ యాంటెన్నా. ఈ రెండు ఊళ్ల మధ్య గాలిమార్గంలో పది కిలోమీటర్ల దరిదాపు. రోడ్డు తవ్వక్కర్లేదు, స్తంభం ముట్టుకోనక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగానికి 2018 అక్టోబరు నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. డబ్బా మీద 867 ఎంబీపీఎస్ అని ఉంటుంది. అది రేడియో గాల్లోకి వదిలే రేటు మాత్రమే. అన్నీ కుదిరిన లింకులో కూడా చేతికందేది సుమారు సగం. అందులోనే రాకా, పోకా రెండూ పంచుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి వీడియో ఆగిపోయిందని ఫోన్లు మొదలైతే ప్రొవైడర్‌కు తట్టే మందు ఒక్కటే: ఇంకా పెద్ద డిష్, ఇంకా వెడల్పు ఛానెల్. రోగం అక్కడ లేదని నా వాదన.

ఈ డిష్ రేడియోలు నడిచేది వైఫై మీదే. దాన్ని ఇల్లూ ఆఫీసూ దృష్టిలో పెట్టుకొని తయారుచేశారు. పంపిన దానికల్లా ‘అందింది’ అన్న కబురు తిరిగి రావాలి. పది కిలోమీటర్లు వెళ్లి రావడానికి సిగ్నల్‌కు 67 మైక్రోసెకన్లు పడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై తన వంతులను లెక్కపెట్టుకునే స్లాటు తొమ్మిది మైక్రోసెకన్లే. దూరానికి తగ్గట్టు సర్దకపోతే, కబురు దారిలో ఉండగానే పోయిందనుకొని రేడియో మళ్లీ పంపుతుంది. మళ్లీ మళ్లీ పంపడంలోనే సగం వేగం కరిగిపోతుంది.

మామూలు వైఫై దూరానికి సరిపడదన్న సంగతి మన నేల మీదే ఇరవై ఏళ్ల కిందట తేలింది. బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ ప్రాజెక్టు కింద పశ్చిమ గోదావరి పల్లెలను దూరపు వైఫై లింకులతో కలిపింది. ఇలాంటి గ్రామీణ నెట్‌వర్కుల మీదే పనిచేసిన భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2005లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఒక టవర్ మీద ఎన్ని డిష్‌లున్నా అన్నీ ఒకేసారి పంపాలి, ఒకేసారి వినాలి. ఒకటి మాట్లాడుతుంటే పక్కది వినబోవడం వల్ల కూడా నష్టమే. బర్క్‌లీ పరిశోధకులు వంతుల పద్ధతితోనే మామూలు వైఫై మీద రెండు నుంచి ఐదు రెట్ల వేగం సాధించామని 2007లో ప్రకటించారు. అదే ఏడాది వెనిజులాలో 382 కిలోమీటర్ల దూరానికి ఒక్కో దిశలో దాదాపు 3 ఎంబీపీఎస్ నడిపి చూపించారు. ఇవాళ మార్కెట్లో జీపీఎస్ సింక్ పేరుతో దొరికేది ఈ వంతుల క్రమశిక్షణే. సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసే ఓపిక ఎందరికుందన్నది వేరే ప్రశ్న.

ఛానెల్ వెడల్పు సంగతి ఇంకా విచిత్రం. 80 మెగాహెర్ట్జ్ తీసుకుంటే అందులో సగం పక్కవాడి సిగ్నల్‌తో నిండి ఉండవచ్చు. అప్పుడు రేడియో భయపడి దిగువ మాడ్యులేషన్‌కు జారుతుంది, రేటు 260 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు. శుభ్రంగా ఉన్న 40 మెగాహెర్ట్జ్‌లో అదే రేడియో 300 ఇవ్వగలదు. సగం జాగాలో ఎక్కువ పని! కానీ పక్కపక్క పెళ్లి పందిళ్లలో మైకుల్లా, ఒకరు పెంచితే ఇంకొకరూ పెంచుతారు. చివరికి ఎవరి పాటా వినపడదు.

డిష్ బిగింపు కూడా అంతే నిర్లక్ష్యంగా సాగుతుంది. నాలుగు వాట్ల ఈఐఆర్‌పీతో (యాంటెన్నా బలాన్ని కలుపుకున్న ప్రసార శక్తి) పంపి, అవతల 30 డీబీఐ డిష్ పెడితే పది కిలోమీటర్ల దగ్గర మైనస్ 62 డీబీఎం దాకా రావాలి. అంతకంటే చాలా బలహీనమైన మైనస్ 75 కనిపించగానే ‘లింక్ వచ్చేసింది’ అని బోల్టు బిగించి టవర్ దిగిపోతారు. అది అసలు కిరణం కాకపోవచ్చు, పక్క నుంచి చిందే సైడ్ లోబ్ కావచ్చు. బోల్టు వదులు చేసి డిష్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి, పైకీ కిందికీ వంచి, సిగ్నల్ పెరిగి తగ్గడం చూశాకే బిగించాలి. రెండు వైపులా, ఒకరి తర్వాత ఒకరు. గంట పని. కొత్త రేడియో కంటే చవక.

ఎత్తు ఇంకో తలనొప్పి. అవతలి టవర్ కంటికి కనిపిస్తే సరిపోదు. లింకు మధ్యలో గీత చుట్టూ పదకొండు మీటర్ల మేర తరంగం విస్తరించి ఉంటుంది, అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. పైగా భూమి వంపు మరో మీటరున్నర మింగుతుంది. రాతిగుట్టలను లెక్కలోకి తీసుకుని వేసిన లింక్‌కు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొత్త అపార్టుమెంటు లేచి అడ్డం పడుతుంది. టవర్ పెంచుదామంటే అటు హకీంపేట, ఇటు దుండిగల్ వైమానిక స్థావరాలు. ఎత్తుకు ఆంక్షలుంటాయి.

ఫైబర్‌కు ఇది పోటీ కాదు. డక్టు వచ్చిన చోటికి ఫైబరే వెళ్లాలి, వైర్‌లెస్ దానికి తోడుగా ఉండాలి. అప్పటిదాకా స్థానిక సంస్థలు ఓవర్‌హెడ్ ట్యాంకులను ఉమ్మడి మాస్టులుగా అద్దెకివ్వాలి. ఛానెళ్లు ముందే పంచుకుని, సింక్ పాటించే ప్రొవైడర్లకే ఇవ్వాలి. వాడకందారులు కూడా కనెక్షన్ తీసుకునే ముందు ప్లాన్ ఎన్ని ఎంబీపీఎస్ అని కాక, రాత్రి తొమ్మిదింటికి మీ టవర్ దగ్గర ఎంత వస్తోందని అడగాలి. రాతపూర్వకంగా అడగాలి.