పాక్యోంగు విమానాశ్రయము: జవాబుదారి యెవరు?

సిక్కిమునకు విమానాశ్రయ మేల యని యడుగువారితో మాకు పొత్తు లేదు. 1975లో భారతదేశమున 22వ రాష్ట్రముగా చేరిన యా ప్రాంతమునకు 2018 వరకు విమానాశ్రయమే లేకుండెను. తీస్తా నది వెంబడి పోవు బాటయే దానికి ప్రాణనాడి. వానకాలమున కొండచరియలు విరిగిపడెనా, ఆ నాడి తెగును. రోగి గాని, వర్తకుడు గాని, విమాన మెక్కవలెనన్న గాంగ్టక్ నుండి సుమారు 120 కిలోమీటర్లు దిగి బాగ్డోగ్రా చేరవలసినదే. కోరిక న్యాయమైనది; దానిని నెరవేర్చిన తీరే యన్యాయము.

2009లో పాక్యోంగున శంకుస్థాపన జరిగెను. భూములు కోల్పోయినవారును, ఇండ్లు బీటలు వారినవారును పరిహారమునకై మొరపెట్టగా పనులు నిలిచెను. ముందే తీర్పవలసిన తగవును నడుమ తీర్పబూనినందున కాలమును ధనమును వ్యయమయ్యెను. తుదకు 2018 సెప్టెంబరు 24న ప్రధానమంత్రి ప్రారంభోత్సవము గావించిరి. అప్పటికైన వ్యయము సుమారు 605 కోట్ల రూపాయలు.

ఇంజనీర్లను మేము నిందింపము. నాలుగున్నర వేల యడుగుల యెత్తున కొండను చెక్కి, లోయను పూడ్చి, కొన్నిచోట్ల 80 మీటర్ల యెత్తుగల గోడ నిలిపి, 1,700 మీటర్ల రన్వే నిర్మించుట సామాన్యకార్యము కాదు. నేల వారికి లొంగినది. ఆకాశము మాట తలచిన పెద్ద లెవరు?

మబ్బులో విమానమును దింపు ఐ.ఎల్.ఎస్. పరికరములు లేకుండగనే ద్వారములు తెరచిరి. పైలటు కన్నులకు నేల కానవచ్చిననే విమానము దిగును, లేనిచో వెనుదిరుగును. 2018 అక్టోబరు 4న సేవలు మొదలయ్యెను. 2019 జూనులో నిలిచెను. 2021 జనవరిలో మరల మొదలయ్యెను. అటుపిమ్మటను నిలకడగా సాగలేదు. పెండ్లి వైభవముగా జరిగినది; కాపురము మాత్రము నిలువలేదు!

కొండప్రాంత మనిన కష్టములు తప్పవని కొందరందురు. నిజమే. కాని యా పొగమంచు 2018లో క్రొత్తగా పుట్టినదా? హిమాచలమున సిమ్లా విమానాశ్రయములో 2012లో నిలిచిన ప్రయాణికుల విమానములు 2017 వరకు మరల నడువలేదు. పాక్యోంగున గోడలు లేచుచున్న కాలముననే యీ పాఠము కన్నులయెదుట నుండెను. చూడనొల్లనివానికి దీపమేమి చేయును?

ఇకమీదట రన్వేను పొడిగింతుమన్నను, క్రొత్త పరికరములు నెలకొల్పుదుమన్నను ప్రజలు మూడు సంగతు లడుగవలెను. ఏ మాసమున నెన్ని దినములు విమానము దిగగలదో ముందుగా లెక్కకట్టి ప్రకటింపుడు. గునపము నేలను తాకకముందే పరిహారము చెల్లింపుడు. జరిగిన జాప్యమునకును, పెరిగిన వ్యయమునకును బాధ్యు లెవరో శాసనసభ యెదుట తెలుపుడు. ఈ మూడింటికి సమాధానము రానిదే మరియొక రూపాయి వ్యయపరచుట ప్రజాధనమును లోయలో పారబోయుటయే.

విమానాశ్రయమునకు శోభ ప్రారంభోత్సవపు తోరణములు గావు. ప్రకటించిన వేళకు వచ్చి దిగు విమానమే దానికి శోభ. ఆ శోభ సిక్కిము ప్రజలకు దక్కువరకు పాలకులు తమ పని ముగిసినదని చెప్పుకొనుటకు హక్కు లేదు.