ఇంటి వైద్యం: నోటిపూతకి జాజి ఆకు

కొత్తావకాయ జాడీ మూత తీసే రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరికి నోరు పూయడం మామూలే. "వేడి చేసిందే, మజ్జిగ తాగు" అనేస్తాం. తెనాలి నుంచి ఒక సోదరి రాశారు: నెలకోసారి నాలుక అంచున, పెదవి లోపల తెల్లటి పుళ్ళు లేస్తున్నాయట. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయట.

ఆయుర్వేదంలో దీన్ని ముఖపాకం అంటారు. పెరట్లో జాజితీగ ఉంటే సగం మందు మీ దగ్గరున్నట్టే. మల్లె కాదు సుమండీ, జాజి. నాలుగైదు లేతాకులు కడిగి బాగా నమిలి, ఆ రసం పుండుకి తగిలేలా కాసేపు ఉంచుకుని ఉమ్మేయండి. చేదుగా, వగరుగా ఉంటుంది, ఓర్చుకోవాలి.

జాజి లేనివాళ్ళు త్రిఫల చూర్ణం, అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరిక పొడి, ఒక చెంచా తీసుకుని రెండు గ్లాసుల నీళ్ళలో వేసి సగమయ్యేదాకా మరిగించండి. వడగట్టి, చల్లారాక రోజుకి మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. రాత్రి పడుకోబోయే ముందు అతిమధురం పొడి చిటికెడు తేనెలో రంగరించి పుండు మీద అద్దుకుంటే మంట తగ్గుతుంది. బి.పి. ఉన్నవాళ్ళు, గర్భిణులు అతిమధురం రోజూ మింగకూడదు.

మా అమ్మమ్మ తరంవాళ్ళు వెలిగారం పొంగించి, తేనెతో పసిపిల్లల నోటికి రాసేవారు. అది మాత్రం వద్దు. వెలిగారం కడుపులోకి పోతే విషమే. ఏడాది నిండని బిడ్డకి ఉత్త తేనె కూడా నాకించకూడదు.

ఉన్నమాట చెప్పాలంటే, చిన్న పుళ్ళు మందు వేసినా వేయకపోయినా వారం పది రోజుల్లో వాటంతటవే మానతాయి. మన చిట్కాలు ఆ పది రోజులూ అన్నం తిననిస్తాయి, అంతే. కానీ మాటిమాటికీ వస్తుంటే లోపల ఏదో లోటుందన్నమాట. ఇనుము, ఫోలిక్ ఆసిడ్, బి-12 తగ్గినా నోరు పూస్తుంది. తెనాలి సోదరీ, మీకు నెలసరి ఎక్కువగా అవుతుంటే, లేక మీరు పూర్తి శాకాహారులైతే, ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. మొనదేలిన పన్ను గీరుకుంటోందేమో కూడా అద్దంలో చూసుకోండి.

ఇంకొక్క మాట. శ్రీకాకుళం వైపు మా మేనత్తకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. అంగిట్లో పుండైతే జాజాకే నమిలింది. "నొప్పి లేదు గదా, అదే పోతుందిలే" అంటూ ఆరునెలలు గడిపేసింది. పట్నం తీసుకెళ్ళేసరికి కాన్సర్ బాగా ముదిరిపోయింది.

నొప్పి లేని పుండుకే ఎక్కువ భయపడాలి. మూడు వారాలు దాటినా మానకపోయినా, అంచులు గట్టిపడినా, తెల్లటి గానీ ఎర్రటి గానీ మచ్చ చెరగకుండా ఉన్నా, నోరు పూర్తిగా తెరవలేకపోతున్నా, ఆకులు పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి. చుట్ట, ఖైనీ, పొగాకు కిళ్ళీ అలవాటున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఈ ఆదివారం వెలుతుర్లో కూర్చోబెట్టి, "అత్తా, ఒక్కసారి ఆ అనవే" అని టార్చిలైటు వేసి చూడండి. కసురుకున్నా సరే.